కత్తెరమ్మ కోసిన మాట

ఆమె చేతిలో కత్తెర ఉండగా ఎవరూ చూడలేదు. అయినా ఆ రేడియో స్టేషన్లో గేటు దగ్గర కూర్చునే మనిషి మొదలుకొని పై అంతస్తులో అద్దాల వెనక కూర్చునే డైరెక్టరు దాకా అందరికీ ఆమె కత్తెరమ్మే. ఇంట్లో పెట్టిన పేరు ఒకటుంది గానీ, ఎవరైనా దాంతో పిలిస్తే ఆమే కాసేపు ఆగి, నన్నేనా అన్నట్టు చూస్తుంది.

పని చెప్పడానికి చిన్నదే. మైకు ముందు ఎవరైనా గంటసేపు మాట్లాడితే అందులోంచి దగ్గులూ, గుటకలూ, కుర్చీ కిర్రులూ, 'అదేంటంటే'లూ, 'మరేమో'లూ ఏరి అవతల పారేసి అరగంట మాటలు మిగల్చాలి. ఏరినట్టు మాత్రం తెలియకూడదు. కూరలో ఉప్పులాంటి పని అది. సరిపోతే ఎవరూ తలుచుకోరు, తప్పితే అందరూ తలుచుకుంటారు. ఇన్నేళ్ళుగా కత్తెరమ్మను ఎవరూ తలుచుకోలేదంటే ఆమె ఎంత బాగా చేస్తోందో మీరే ఊహించుకోండి.

ఆమె గది వరండా చివర ఉంటుంది. ఒకదాని వెనక ఒకటి రెండు తలుపులు. గోడలనిండా బూడిదరంగు స్పాంజి. ఒకప్పుడు ఆ గదికి కిటికీ ఉండేదట. వీధి చప్పుడు లోపలికి రాకూడదని దాన్ని కూడా స్పాంజితో మూసేశారు. అది ఎక్కడుందో కత్తెరమ్మకు ఒక్కదానికే తెలుసు. మధ్యాహ్నం పూట గోడ మీద చెయ్యి ఆనిస్తే ఒకచోట వెచ్చగా ఉంటుంది. బయట ఎండ కాస్తోందని ఆమెకు తెలిసేది అలాగే. జాగ్రత్తగా వినాల్సినప్పుడు ఏసీ కూడా ఆపేసుకోవాలి, అది గురక పెడుతుంది కాబట్టి. అప్పుడు ఆ గదిలో కూర్చుంటే మూత పెట్టిన గిన్నెలో కూర్చున్నట్టే.

ఆమె కోసేవాటిల్లో ముఖ్యమైంది ఆదివారం పొద్దున వచ్చే ముఖాముఖి. రచయితలనూ, ఆటగాళ్ళనూ, మేధావులనూ పిలిచి, మీలో ఆ తపన ఎక్కడిది, మీలో ఆ సృజన ఎలా పుట్టింది అని అడిగే కార్యక్రమం. అడిగే పెద్దమనిషిని స్టేషన్లో అందరూ గొంతుగారు అంటారు. మనిషి బక్కపలచన. గొంతు మాత్రం గుమ్మటంలాంటిది. ఆ గొంతుతో ఆయన బస్సు టైములు చదివినా జనం కళ్ళు తుడుచుకుంటారు.

ఆ కార్యక్రమానికి వచ్చేవాళ్ళ కథలు కత్తెరమ్మను అడగాలి. ఏకాంతమే నా గురువు అని గంటసేపు చెప్పిన ఒక మేధావి, గొంతుగారు మంచినీళ్ళకని బయటికెళ్తే ఆ గదిలో ఒంటరిగా కూర్చోలేక మాటిమాటికీ తలుపు తీసి తొంగిచూశాడు. పాత్రలు కలలోకి వచ్చి చెప్తుంటే నేను ఊరికే రాసుకుంటాను అన్న ఒక నవలాయన, ఆ పాత్రలు ఎన్నాళ్ళుగా రావడం లేదో మైకు ఆపాక కత్తెరమ్మతో చెప్పుకుని ముక్కు చీదాడు. బండరాళ్ళలాంటి బరువులెత్తే ఒకాయన గొంతు ఎంత సన్నదంటే, వినపడేట్టు చెయ్యడానికి ఆమెకు ప్రాణం పోయింది. చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారు. కత్తెరమ్మ విషయంలో అది నిజం కాదు. వాళ్ళందరి మీదా ఆమెకు జాలి. జాలి ఎక్కువయ్యేకొద్దీ ఇంకా శుభ్రంగా కోసేది, పాపం నలుగురిలో నవ్వులపాలు కాకూడదని.

చివర గొంతుగారు అందరినీ ఒకే ప్రశ్న అడుగుతాడు. "ఇన్నేళ్ళ తర్వాత కూడా ఈ పనంటే మీకు ఇష్టమేనా?"

అందరూ ఇష్టమే అంటారు. అనే ముందు మాత్రం అందరూ కాస్త ఆగుతారు. కొందరు ఊపిరి పీల్చుకుంటారు, కొందరు నవ్వుతారు, ఒకరిద్దరు బల్లమీద వేలితో గీస్తారు. ఆ ఆగడం వినేవాళ్ళకు తెలియదు, దాన్ని కత్తెరమ్మ తీసేస్తుంది. అది గొంతుగారి ఆజ్ఞ. "ప్రశ్న పడగానే జవాబు పడాలమ్మా. మధ్యలో సందు దొరికిందంటే వినేవాడు స్టేషన్ మార్చేస్తాడు."

అదే ప్రశ్న కత్తెరమ్మను ఎవరైనా అడిగారా అంటే, ఎవరూ అడగలేదు. ఆ ఉద్యోగం నిజానికి వాళ్ళన్నయ్యది. అతను ఉన్నట్టుండి పోతే, ఆ ఖాళీ కుర్చీని ఇంట్లో వాళ్ళకు ఇస్తామన్నారు. ఇంట్లో ఉద్యోగం చెయ్యగల మనిషంటూ మిగిలింది ఈమె. అప్పట్లో ఈమెకు ఇంట్లో కాలు నిలిచేది కాదు. పొద్దున లేచి బయటపడితే ఏ దారి ఎక్కడికి పోతుందో చూసి దీపాలు పెట్టేవేళకు వచ్చేది. బతికితే పదిమందిని వెంటేసుకుని ఊళ్ళు చూపించే పని చేసి బతకాలని ఉండేది. తిరుగుబోతు కాలు అని అమ్మ తిట్టేది. ఆ తిరుగుబోతు కాలును తీసుకొచ్చి కిటికీ లేని గదిలో కూర్చోబెట్టారు. నీడపట్టు ఉద్యోగం, ఎండనక వాననక తిరిగే పని లేదు, అదృష్టవంతురాలివి అన్నారు. ఆమె తల వంచుకుని కూర్చుంది. అలా కూర్చున్నది ఇప్పటికీ లేవలేదు.

ఆమె భర్త బస్సు డ్రైవరు. పొరుగింటి పుల్లకూర రుచి అన్నట్టు, ఆయనకు ఈమె కుర్చీ అంటే మహా మోజు.

"నీకేం తల్లీ, చల్లటి గదిలో కూర్చుని గొప్పగొప్ప వాళ్ళ మాటలు వింటావు. నేను చూడు, రోజంతా హారన్ల మధ్య."

"రా, మార్చుకుందాం. నువ్వు నా గదిలో కూర్చో, నేను బస్సు నడుపుతా."

"నువ్వు నడిపితే బస్సు స్టాపుల్లో ఆగదు. దారి బాగుంటే ఎక్కడికో తీసుకెళ్ళిపోతావు."

ఆయన నవ్వేవాడు. ఆమె కూడా నవ్వేది. ఆయన మాటలో ఎంత నిజముందో ఆయనకు తెలియదు.

ఇలా ఉండగా ఒక వారం ఆ కార్యక్రమానికి పరుగుపందేల అమ్మాయి వచ్చింది. దూరం పరుగులు, గంటల తరబడి పరిగెత్తే పందేలు. అప్పుడే ఏదో పెద్ద పందెం గెలిచింది. ఊరంతా గోడల మీద ఆ పిల్ల బొమ్మే. మనిషి చూస్తే చీపురుపుల్ల, చెంపలు లోపలికి పోయి ఉన్నాయి. కోచ్ ఎవరో కాదు, కన్నతండ్రే. అతన్ని రికార్డింగు గదిలోకి రానివ్వలేదు. అతిథి ఒక్కరే రావాలన్నది అక్కడి పద్ధతి. కింద బల్లమీద కూతురి బ్యాగు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.

రికార్డింగు గది అద్దానికి ఇవతల కూర్చుని కత్తెరమ్మ అన్నీ వింటోంది. ఆ పిల్ల ఏ ప్రశ్నకైనా జవాబు నాన్నతోనే మొదలుపెట్టేది. ఎన్నింటికి లేస్తావమ్మా అంటే, మా నాన్న లేపుతారండీ. అలుపొస్తే ఏం చేస్తావంటే, మా నాన్న సైకిలు మీద పక్కనే వస్తారండీ, అలుపు లేదు అని చెప్తారు. చివరికి గొంతుగారు తన మామూలు ప్రశ్న వేశాడు. "ఇన్నేళ్ళ తర్వాత కూడా ఈ పరుగంటే నీకు ఇష్టమేనా?"

ఆ పిల్ల ఏమీ అనలేదు. తన బూట్ల వంక చూసుకుంది. కాస్త ఆగి చెప్తుందిలే అని కత్తెరమ్మ అనుకుంది. ఎంతకీ చెప్పదు. పందెంలో పడిపోయిన వాళ్ళు లేవాలా వద్దా అని ఆలోచించుకునేంత సేపు అలాగే ఉండిపోయింది. గొంతుగారు ముగింపు మాటలున్న కాగితం వెతుక్కుంటున్నాడు, ఆయనకు అదేమీ పట్టలేదు. అప్పుడు ఆ పిల్ల తలెత్తకుండానే అంది.

"మా నాన్నకి చాలా ఇష్టమండీ."

"అద్భుతం!" అన్నాడు గొంతుగారు. ఆయన అందరితోనూ అదే అంటాడు.

మర్నాడు కోతకు కూర్చుంటే గొంతుగారు తలుపులోంచి తల పెట్టి, "ఆ నాన్నలు కొంచెం తగ్గించమ్మా, మరీ ఎక్కువయ్యాయి. వచ్చింది అమ్మాయా, వాళ్ళ నాన్నా?" అని వెళ్ళిపోయాడు. కత్తెరమ్మ నాన్నలను ఒక్కొక్కరినీ ఏరేసింది. చివరి జవాబు దగ్గరికి వచ్చేసరికి చేతికి అలవాటైన పని చెయ్యి చేసేసింది. ముందు ఆ ఖాళీ తీసింది. తర్వాత 'మా నాన్నకి' తీసింది. అతుకు వేసి వింటే ఎక్కడా జాడ తెలియలేదు. 'ఇష్టమేనా' అన్న మాట ఇంకా గాల్లో ఉండగానే 'చాలా ఇష్టమండీ' వచ్చి పడింది. తప్పు చేస్తున్నానేమో అని ఆమెకు అనిపించకపోలేదు. అనిపించింది. కానీ పక్కన ఇంకో కోత పని కాచుకుని ఉంది, బస్సు వేళ దాటుతోంది, అలవాటు పక్కనే కూర్చుని కానీ కానీ అంటోంది. కానిచ్చేసింది.

ఆ ముక్క గొంతుగారికి ఎంత నచ్చిందంటే, దాన్నే విడిగా తీసి కార్యక్రమానికి ప్రకటనగా పెట్టించాడు. పాటకూ పాటకూ మధ్య, వార్తల ముందు, వార్తల వెనక. ఇష్టమేనా? చాలా ఇష్టమండీ. టీకొట్టులో అదే, బస్సులో అదే, ఇంట్లో అమ్మ పెట్టుకునే రేడియోలో అదే. మొదట్లో కత్తెరమ్మ పట్టించుకోలేదు. పోనుపోను ఆ మాట రాగానే ఇంట్లో రేడియో చప్పుడు తగ్గించేసేది.

ఒక మధ్యాహ్నం ఆ పిల్లే వచ్చింది, ఒక్కతే. రెండు తలుపులూ తోసుకుని లోపలికొచ్చి, కూర్చోమన్నా కూర్చోకుండా నిలబడింది.

"అక్కా, నేను గుర్తున్నానా?"

"పొద్దస్తమానం నీ గొంతే వింటున్నా, మర్చిపోతానా? ఏంటమ్మా ఇలా వచ్చావు?"

"ఆ చివరి ప్రశ్నకి నేనేమన్నానక్కా?"

"నువ్వన్నది నన్నడుగుతావేంటి?"

"తెలుసనే అనుకున్నా. రోజూ అది వినీవినీ ఇప్పుడు అనుమానం వస్తోంది. నేను చాలాసేపు ఏమీ మాట్లాడలేదు కదా? తర్వాత మా నాన్నకి ఇష్టమన్నాను. నాకిష్టమని అన్లేదు. అన్నానా? నువ్వు చెప్పక్కా, నేనే మర్చిపోయానా?"

కోసినప్పుడు కత్తెరమ్మ అది మాట అనుకుంది గానీ, ఒక మనిషిలోంచి కోస్తున్నానని అనుకోలేదు. సిగ్గుతో ఆమె మొహం కాలిపోయింది.

"అన్లేదు" అంది. "నువ్వు అన్లేదు. నేను కోశాను. కూర్చో ముందు."

అప్పుడు కూర్చుంది. కూర్చున్నాక చెప్పుకొచ్చింది. పరుగు మానేస్తానని ఇంట్లో చెప్పిందట. కాలు నొప్పి కాదు, జబ్బు కాదు, ఊరికే, ఇక చాలని. నాన్న కోప్పడలేదట.

"కోప్పడితే బాగుండేదక్కా. పక్కన కూర్చోబెట్టుకుని, ఫోన్ తీసి ఆ ముక్క వినిపించారు. 'ఇదిగో, నీ నోటితో నువ్వే అన్నావు. ఇది నువ్వు. ఇప్పుడు మాట్లాడుతున్నది నీ అలసట' అన్నారు. అప్పట్నుంచీ నేనేం చెప్పినా అదే వినిపిస్తారు. నాతో నేనే వాదించుకుంటున్నట్టుంది. నేనే ఓడిపోతున్నా."

"ఇప్పుడేం చేస్తారు?"

"కొండమీద క్యాంపుకి పంపిస్తున్నారు. గేటు లోపలికి ఒకసారి వెళ్ళామంటే సీజనంతా బయటికి రానివ్వరు. ఫోన్లు కూడా తీసేసుకుంటారు. వెళ్తే ఇక మానలేనక్కా, నాకు తెలుసు. నాన్న ఒక్కసారి ఆ అసలు రికార్డింగు వినాలి. నేను ఎంతసేపు మాట్లాడలేదో వినాలి. అది వింటే ఆయనకి అర్థమవుతుంది. నా మీద ప్రేమ లేని మనిషి కాదు."

అసలు రికార్డింగు ఉంది. కత్తెరమ్మ దాన్ని చెరిపెయ్యలేదు. కానీ కోయని మాటలు బయటివాళ్ళకు వినిపించకూడదన్నది ఆ స్టేషన్లో అన్నిటికంటే పెద్ద నియమం. మైకు ముందు మనుషులు ఏవేవో వాగుతారు, అవి బయటపడితే రేపు ఎవరూ రారని. అందుకని ఆమె ముందు గొంతుగారి దగ్గరికే వెళ్ళింది. జరిగింది జరిగినట్టు చెప్పింది.

ఆయన కళ్ళద్దాలు తుడుచుకుంటూ విన్నాడు. "చూడమ్మా, మౌనం అర్ధాంగీకారమన్నారు. ఆ పిల్ల మౌనంగా ఉంది, అంటే సగం ఒప్పుకున్నట్టేగా. మిగతా సగం మనం కలిపాం. తప్పేముంది?"

"సగం కలపలేదండీ. ఉన్నది తీసేశాం."

"నీకు ఈ మధ్య విసుగెక్కువైంది. పిల్లన్నాక నాలుగు రోజులు బెంగపెట్టుకుంటుంది, రేపు ఇంకో పందెం గెలిచి మనకే దండం పెడుతుంది. నియమం నీకు తెలుసు. అసలు రికార్డింగు గడప దాటిందంటే, నీ గది తాళం ఇంకొకరి చేతికి వెళ్తుంది. నా చేతుల్లో ఏం లేదు." ఆ మాటలు కూడా ఆయన ఎంత తియ్యగా చెప్పాడంటే, బయటికొచ్చాక గానీ అది బెదిరింపు అని ఆమెకు తోచలేదు.

కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. ఇంట్లో ఇద్దరు సంపాదిస్తే గానీ గడవదు. ఆ గది అంటే ఎంత రోత అయినా, దాని తలుపు మూసేస్తే ఇంకో తలుపు తెరిచేవాళ్ళు ఎవరూ లేరు. ఆమె తిండి సరిగ్గా తినలేదు. భర్త అడిగితే తలనొప్పి అంది.

ఆ సాయంత్రమే పక్కింటావిడ వచ్చి వాళ్ళమ్మతో కబుర్లు చెప్తోంది. రేడియోలో ఆ ప్రకటన వచ్చింది. అమ్మ గర్వంగా అంటోంది, "ఇదంతా మా అమ్మాయి చేసిందే. చేరినప్పట్నుంచీ దానికి ఆ పనంటే ప్రాణం. తిండి కూడా అక్కర్లేదు."

కత్తెరమ్మ వంటింట్లోంచి బయటికొచ్చింది. "అమ్మా, నాకు ప్రాణమని నేనెప్పుడన్నాను?"

అమ్మ తెల్లబోయింది. "నువ్వెప్పుడు కాదన్నావే?"

పక్కింటావిడ నవ్వింది. అమ్మ కూడా నవ్వింది. అమ్మ మీద కోపం తెచ్చుకుందామని చూస్తే కోపం రాలేదు, ఏడుపొచ్చింది. అమ్మ అబద్ధం చెప్పడం లేదు. అమ్మకు ఎవరూ వేరే మాట వినిపించలేదు. కత్తెరమ్మ వంటింట్లోకి వెళ్ళి, పంపు తిప్పి, ఆ చప్పుడులో కాసేపు ఏడ్చి, మొహం కడుక్కుని ఆ పిల్ల తండ్రికి ఫోన్ చేసింది. మీ అమ్మాయి ముక్క మంచి కాపీ తీసిస్తాను, క్యాంపుకి వెళ్ళే ముందు ఒకసారి ఇద్దరూ రండి అంది.

బయలుదేరే రోజునే వచ్చారు. స్టేషన్ ముందు వ్యాను ఆపించి, పెద్ద బ్యాగు భుజాన వేసుకుని, మెడలో విజిలుతో తండ్రి ముందు వచ్చాడు. కత్తెరమ్మ మనసులో అతన్ని రాక్షసుడిలా ఊహించుకుని ఉంది. చూస్తే పొట్టి మనిషి, ఇస్త్రీ చేసిన ట్రాక్ సూటు, నెరిసిన జుట్టు. లోపలికి రాగానే ఉన్న ఒక్క మంచి కుర్చీని రుమాలుతో తుడిచి కూతుర్ని కూర్చోమన్నాడు. కాళ్ళు చాపుకోవడానికి ఒక పెట్టె జరిపాడు. సీసా మూత తీసి నీళ్ళిచ్చాడు. తను నిలబడ్డాడు.

"గదిలో గాలి లేదండీ. పిల్లకి పడదు. త్వరగా కానివ్వండి" అన్నాడు.

కత్తెరమ్మ తన కుర్చీలో అతన్ని కూర్చోబెట్టింది. "కాపీ ఇచ్చే ముందు మీరొకటి వినాలి. రేడియోలో వచ్చింది నేను కోసిన తర్వాతిది. ఇది కోయనిది. ఇది వినిపించినందుకు నా ఉద్యోగం పోవచ్చు. అందుకని కాస్త మనసుపెట్టి వినండి."

హెడ్‌ఫోన్లు అతని చెవులకు పెట్టి, చివరి ప్రశ్న దగ్గర్నుంచి వదిలింది. కూతురు తండ్రి మొహాన్నే చూస్తోంది. పెదవి కొరుక్కుంటోంది.

ప్రశ్న అయిపోయింది. ఖాళీ మొదలైంది. అతను కాసేపు ఓపిక పట్టి, హెడ్‌ఫోన్‌ను వేలితో తట్టి చూశాడు.

"మిషను ఆగిపోయిందండీ."

"ఆగలేదు. వినండి."

విన్నాడు. కనుబొమలు దగ్గరికొచ్చాయి. కూతురి వంక తిరిగి చూశాడు. ఆ పిల్ల చూపు తిప్పుకోలేదు. ఆ ఒక్క క్షణం కత్తెరమ్మకు ఆశ పుట్టింది. అర్థమవుతోంది, ఇతనికి అర్థమవుతోంది అనుకుంది. ఆ తర్వాత ఖాళీ అయిపోయి, మాట వచ్చినట్టుంది. అతను గబుక్కున హెడ్‌ఫోన్లు తీశాడు.

"మళ్ళీ వెయ్యండి."

మళ్ళీ వేసింది. ఈసారి వింటూ వింటూ అతను నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. హెడ్‌ఫోన్లు ఒళ్ళో పెట్టుకుని అన్నాడు.

"మా నాన్నకి అంది. విన్నారా? మా నాన్నకి అంది."

ఇద్దరి వంకా మార్చి మార్చి చూశాడు. అతనే మళ్ళీ అందుకున్నాడు.

"అరగంట కార్యక్రమం వచ్చిందండీ. ఎక్కడా నా మాట ఎత్తలేదు. కింద బల్లమీద దీని బ్యాగు పట్టుకుని కూర్చున్నవాణ్ణి నేను. దీనికి నాలుగేళ్ళప్పుడు వాళ్ళమ్మ పోతే, సైకిలు తీసి దీని వెనక తిరగడమే నా బతుకైపోయింది. ఒక్కసారన్నా నాన్న అనలేదేంటా అని... ఎవరికీ చెప్పుకోలేదండీ. చెప్పుకుంటే చిన్నతనం. లోపల మాత్రం గుచ్చుకుంటూనే ఉంది. అంది! అన్న మాట మీరు కోసేశారు. ఎందుకు కోశారమ్మా? మీకేం అడ్డమొచ్చింది ఆ మాట?"

కత్తెరమ్మ అతని ఒళ్ళోని హెడ్‌ఫోన్లు చూపించింది. "కోయడం నా తప్పే. కానీ ఆ మాటకి ముందున్నది వినండి. ఆ ఖాళీ వినండి. అంతసేపు ఏం మాట్లాడలేదు. ఎందుకనుకుంటున్నారు?"

"ఎందుకేంటండీ? నన్ను తలుచుకునేసరికి గొంతు పట్టేసుంటుంది. దాని స్వభావం నాకు తెలీదా?" ముంజేత్తో కళ్ళు తుడుచుకుంటూ కూతురి వైపు తిరిగాడు. "అవునా తల్లీ? అందుకేగా?"

ఇక చెప్పమ్మా, ఇప్పుడు చెప్పకపోతే ఇంకెప్పటికీ చెప్పలేవు అని కత్తెరమ్మ ఆ పిల్ల వైపు చూసింది. నోటితో అననేలేదు గానీ, కళ్ళతో బతిమాలింది. ఆ పిల్ల కుర్చీలోంచి ముందుకు వంగింది. చెప్పబోతోంది, అది స్పష్టంగా తెలుస్తోంది. తండ్రి కన్నీళ్ళతో నవ్వుతున్నాడు. జీవితంలో మొదటిసారి ఏదో గెలిచినవాడిలా ఉన్నాడు.

"అవును నాన్నా" అంది.

సరిగ్గా అప్పుడే తలుపు తెరుచుకుని గొంతుగారు వచ్చాడు. బయటి మనిషిని ఆ గదిలో చూసి మొహం గంటు పెట్టుకోబోయాడు గానీ, తండ్రి లేచి ఆయన చేతులు రెండూ పట్టేసుకున్నాడు. "మీరు నాకు పెద్ద సాయం చేశారండీ. ఆ మాట దొరికింది" అంటూ అంతా చెప్పాడు. గొంతుగారు తనూ ఒకసారి విన్నాడు. విని ఆనందంతో కుర్చీ వీపు మీద చరిచాడు.

"ఇంత మంచి మాట ఎలా పోయిందమ్మా మన చేతుల్లోంచి? పెట్టు, వెంటనే పెట్టు. ప్రకటన ఇవాళే మార్చేద్దాం. ఇష్టమేనా? మా నాన్నకి చాలా ఇష్టమండీ! తండ్రీకూతుళ్ళంటే ఇదీ." తాళం సంగతి ఆయన మర్చిపోయినట్టే ఉన్నాడు. "ఆ మధ్యలో ఖాళీ ఒక్కటి తీసెయ్యి. అంతే."

"అది తియ్యనండి" అంది కత్తెరమ్మ. తన గొంతు అంత గట్టిగా వస్తుందని ఆమె అనుకోలేదు. "కోయాలంటే ఇంకెవరితోనైనా కోయించుకోండి. తాళం ఇప్పుడే ఇచ్చేస్తాను. నేను తియ్యను."

గొంతుగారు తండ్రి వంక చూశాడు. తండ్రికి ఆ గొడవేంటో అర్థం కాలేదు. ఆ పిల్ల లేచి కత్తెరమ్మ దగ్గరికి వచ్చింది. చెయ్యి పట్టుకుంది. వేళ్ళు చల్లగా ఉన్నాయి.

"తీసెయ్యక్కా" అంది మెల్లిగా. "నాన్న ఎన్నిసార్లు వింటారో తెలీదు. మధ్యలో అది వస్తే మిషను ఆగిపోయిందనుకుని కంగారుపడతారు."

కింద వ్యాను హారన్ కొట్టింది. తండ్రి బ్యాగు భుజాన వేసుకుని, కూతుర్ని బ్యాగు పట్టనివ్వకుండా, తలుపు తీసి పట్టుకుని నిలబడ్డాడు. గొంతుగారు వాళ్ళను సాగనంపడానికి వెంట వెళ్ళాడు. వరండాలోంచి తండ్రి గొంతు వినపడింది. "మెట్లు మెల్లిగా దిగమ్మా, కాళ్ళు జాగ్రత్త."

కత్తెరమ్మ రెండు తలుపులూ వేసుకుని, కుర్చీలో కూర్చుని, ఆ పిల్ల అడిగిన పని చేసింది.